మధ్యయుగ ఇంగ్లండ్ రాజప్రభుత్వం యుద్ధానికి ఎలా సిద్ధమయ్యేది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి జవాబులు ముఖ్యంగా ముగ్గురు రాజుల కాలానివి: వేల్స్, స్కాట్లండ్‌ల మీదికి వెళ్లిన మొదటి ఎడ్వర్డ్ (1272–1307), ఫ్రాన్స్‌తో నూరేళ్ల యుద్ధం మొదలుపెట్టిన మూడో ఎడ్వర్డ్ (1327–77), అజాంకూర్ యుద్ధం గెలిచిన ఐదో హెన్రీ (1413–22). ముందుగా డబ్బు లెక్క: 12 పెన్నీలు ఒక షిల్లింగ్, 20 షిల్లింగులు ఒక పౌండు. మార్క్ అంటే 160 పెన్నీలు, అంటే పౌండులో మూడింట రెండు వంతులు. మార్క్ పేరుతో నాణెం ఉండేది కాదు, అది లెక్కల్లోనే కనిపిస్తుంది.

యుద్ధం అని నిర్ణయమయ్యాక మొట్టమొదట కదిలేది ఎవరు?

గుమాస్తాలు. రాజు, ఆయన మండలి మాట అనుకున్న కొద్ది రోజులకే చాన్సరీ అనే ముద్రాధికారి కార్యాలయం లాటిన్‌లో ఉత్తరువులు రాయడం మొదలుపెట్టేది. తోలు కాగితం ముక్క, దానికి వేలాడే మైనపు పెద్ద ముద్ర, చివర తేదీ. ఒక్కో కౌంటీలో రాజు అధికారి అయిన షెరీఫ్‌కు ఒక్కో ప్రతి వెళ్లేది. ఇంత ధాన్యం సేకరించు, ఇన్ని విల్లులు పంపు, ఇంతమంది మనుషులను ఫలానా పండుగ నాటికి ఫలానా ఊరికి చేర్చు, ఇదీ వాటిలోని సారం. పంపిన ప్రతి ఉత్తరువుకూ నకలు పొడవాటి తోలు చుట్టల మీద ఎక్కించి దాచేవారు. ఆ చుట్టలు ఇప్పటికీ లండన్‌లో ఉన్నాయి. ఎన్ని విల్లులు అడిగారో ఈనాడు మనకు తెలుస్తున్నదంటే కారణం అదే.

ఒక హెచ్చరిక: చుట్టలో ఉన్నది అడిగిన లెక్క. వచ్చిన లెక్క వేరు, అది జీతాల పద్దుల్లో దొరుకుతుంది. ఈ రెండింటినీ కలిపేసి సైన్యాల సంఖ్య చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి.

ఏ కార్యాలయం ఏ పని చూసేది?

చాన్సరీ ఉత్తరువులు రాసేది. వెస్ట్‌మిన్‌స్టర్‌లోని ఎక్స్‌చెకర్ ఖజానా, పన్నులు, ఆడిట్ చూసేది. మూడోది వార్డ్‌రోబ్. పేరుకు బట్టల గది, పనికి యుద్ధ ఖజానా. రాజు ఇంటి ఖర్చులు చూసే ఈ శాఖ రాజుతోపాటే గుడారాల్లో తిరిగేది, సైనికుల జీతాలు అక్కడే లెక్కకట్టి ఇచ్చేది. ఫ్రాన్స్‌లో 1346–47లో జరిగిన క్రెసీ యుద్ధం, కలే ముట్టడి దండయాత్రల పద్దు వాల్టర్ వెట్‌వాంగ్ అనే వార్డ్‌రోబ్ అధికారిది. లండన్ టవర్‌లో దీనికి ఒక శాఖ ఉండేది. విల్లులు, బాణాలు, కవచాలు, తరువాత ఫిరంగులు నిల్వ ఉంచేది అక్కడే.

రాజు సముద్రం దాటాక ఈ అమరిక బిగుసుకుపోయేది. ఖజానా ఇక్కడ, ఖర్చు అక్కడ. 1338 జూలైలో మూడో ఎడ్వర్డ్ బయలుదేరే ముందు వాల్టన్‌లో ఒక శాసనం చేశాడు. ఖజానా నుంచి ముఖ్యమైన చెల్లింపు ఏది జరగాలన్నా తన దగ్గరున్న చిన్న ముద్రతో ఆజ్ఞ రావాలన్నాడు. వెస్ట్‌మిన్‌స్టర్ అధికారులకు ఇది రుచించలేదు. రాజు డబ్బు అడగడం, వాళ్లు లేదనడం, రెండేళ్లు ఇదే వరస. చివరికి 1340 నవంబరు 30న అప్పులవాళ్ల కళ్లుగప్పి వచ్చిన రాజు రాత్రివేళ చెప్పాపెట్టకుండా లండన్ టవర్‌లో దిగి, మంత్రులను, న్యాయాధికారులను పదవుల నుంచి ఊడబీకాడు. తప్పు పూర్తిగా వాళ్లదే అనలేం. ఖజానాలో నిజంగానే డబ్బు లేదు.

ఒక సైన్యానికి రోజుకు ఎంత ఖర్చయ్యేది?

మూడో ఎడ్వర్డ్ కాలపు రోజు జీతాలు దాదాపు స్థిరంగా ఉండేవి. వేల్స్ కాల్బలం వాడికి 2 పెన్నీలు, ఇంగ్లీషు విలుకాడికి 3, గుర్రం ఉన్న విలుకాడికి 6. పూర్తి కవచంతో వచ్చే గుర్రపు యోధుడికి 12 పెన్నీలు, నైట్‌కు 2 షిల్లింగులు, తన జెండా కింద దళం నడిపే బ్యానరెట్‌కు 4 షిల్లింగులు, ఎర్ల్‌కు 6 షిల్లింగుల 8 పెన్నీలు.

ఒక ఊహా సైన్యంతో లెక్కవేద్దాం. గుర్రపు యోధులు 1,500 మంది, గుర్రపు విలుకాళ్లు 2,500, కాలినడక విలుకాళ్లు 5,000. రోజుకు వరుసగా 75 పౌండ్లు, 62 పౌండ్ల 10 షిల్లింగులు, మళ్లీ 62 పౌండ్ల 10 షిల్లింగులు. మొత్తం 200 పౌండ్లు. దేశమంతా ఒకసారి కట్టే ప్రధాన పన్ను విలువ 38,000 పౌండ్లకు కాస్త అటూ ఇటూ. అంటే ఒక ఏడాది పన్ను 190 రోజుల్లో కరిగిపోతుంది. ఇందులో నైట్లు, ఎర్ల్‌లు, ఓడలు, నావికులు, చచ్చిపోయిన గుర్రాలు ఇంకా కలపలేదు.

ఆ పన్ను ఎలా వసూలయ్యేది?

పల్లెల్లో కదిలే ఆస్తి విలువలో పదిహేనో వంతు, పట్టణాల్లో పదో వంతు. పార్లమెంటు ఒప్పుకుంటేనే. మొదట్లో ఇంటింటికీ వెళ్లి ఆవులు, ధాన్యం, వంటపాత్రలు లెక్కపెట్టి విలువ కట్టేవారు. లంచాలు, దాచిపెట్టడాలు ఎక్కువై 1334లో పద్ధతి మార్చారు. ఒక్కో ఊరికి ఒక మొత్తం ఖాయం చేసి, అది ఎవరెంత కట్టుకోవాలో మీరే తేల్చుకోండన్నారు. వసూలు తేలికైంది, రాజుకు ఎంత వస్తుందో ముందే తెలిసింది. ఊళ్లలో భారం ఎవరి నెత్తిన పడిందో ఊహించడం కష్టం కాదు.

పన్ను వాయిదాల్లో వచ్చేది, సైన్యం మాత్రం మొదటి రోజునే డబ్బు అడిగేది. ప్రభుత్వానికి అసలు చిక్కు అక్కడే. ఏడాది మొత్తం మీద ఎంత వస్తుందన్నది ఒకటి, జూన్ నెలలో రేవులో నిలబడి ఉన్నవాళ్లకు చేతికివ్వడానికి ఎంత ఉందన్నది మరొకటి.

మరి ఆ మధ్యలో ఏం చేసేవారు?

ఉన్ని తాకట్టుతో అప్పు. ఇంగ్లండ్ గొర్రె ఉన్నికి ఫ్లాండర్స్, ఇటలీ మగ్గాల దగ్గర ఎప్పుడూ గిరాకీయే. 1275 నుంచి బస్తాకు 6 షిల్లింగుల 8 పెన్నీల సుంకం ఉండేది. బస్తా అంటే 364 పౌన్ల బరువు, దగ్గర దగ్గర 165 కిలోలు. యుద్ధకాలంలో మొదటి ఎడ్వర్డ్ దీన్ని 40 షిల్లింగులకు పెంచాడు. వర్తకులు ఆ సుంకాన్ని రైతు ధరలో కోసుకున్నారు. 1297లో ప్రభువులు తిరగబడ్డ కారణాల్లో ఇదొకటి, ఆ ఏడే రాజు దాన్ని రద్దు చేయాల్సి వచ్చింది.

మనవడు ఇంకా పెద్ద పథకమే వేశాడు. 1337లో 30,000 బస్తాలను వర్తకుల బృందం ఉత్పత్తిదారుల దగ్గర అరువుకు కొని, విదేశంలో అమ్మి, రాజుకు 2,00,000 పౌండ్లు అప్పివ్వాలన్నది ఒప్పందం. కాగితం మీద లెక్క బాగుంది. మొదటి విడతగా సుమారు 10,000 బస్తాలు డోర్డ్రెక్ట్ రేవుకు చేరాయి. ధర పెరిగేదాకా ఆగుదామని వర్తకులు, ఇప్పుడే డబ్బు కావాలని రాజు మనుషులు పట్టుబట్టారు. ఆఖరికి 1338 మొదట్లో రాజు ప్రతినిధులు సరుకు స్వాధీనం చేసుకుని, వర్తకుల చేతిలో బాండ్లు పెట్టారు. అసలు ధర రాలేదు, వర్తకుల నమ్మకం పోయింది.

ఇటలీలోని ఫ్లారెన్స్ బ్యాంకర్లు బార్డి, పెరుజ్జి కుటుంబాలు కూడా భారీగా అప్పులిచ్చాయి. పెరుజ్జి 1343లో, బార్డి 1346లో దివాలా తీశాయి. రాజు బాకీ అందుకు ఒక కారణమే, ఏకైక కారణం అనుకోవద్దు. అదే కాలంలో మూడో ఎడ్వర్డ్ తన పెద్ద కిరీటాన్ని ట్రియర్ ఆర్చ్‌బిషప్ దగ్గర తాకట్టు పెట్టాడు.

లెక్కకర్రలు అంటే ఏమిటి? వాటితో యుద్ధం ఎలా నడిచేది?

హేజెల్ చెట్టు కొమ్మ చెక్కి, మొత్తాన్ని గంట్ల రూపంలో కోసేవారు. వెయ్యి పౌండ్లకు అరచేతి మందం గంటు, వందకు బొటనవేలంత, ఇరవైకి చిటికెన వేలంత, ఒక పౌండుకు ఉబ్బిన బార్లీ గింజంత. తరువాత కర్రను నిలువునా చీల్చి చెరో ముక్క ఉంచుకునేవారు. రెండూ కలిపితే గంట్లు సరిపోవాలి. రాతరాని షెరీఫ్‌ను కూడా మోసం చేయడం కష్టం.

మొదట్లో అది రసీదే. యుద్ధాల ఒత్తిడిలో చెక్కులా మారింది. ఖజానా నీకు డబ్బు బదులు కర్ర ఇస్తుంది, దాన్ని తీసుకెళ్లి ఫలానా రేవు సుంకం వసూలుదారుకు చూపించి డబ్బు తీసుకో అంటుంది. నువ్వు వెళ్లేసరికి నీకంటే ముందు పది కర్రలు వచ్చి ఉంటాయి, వసూలుదారు దగ్గర ఏమీ ఉండదు. అప్పుడు కర్ర పట్టుకుని వెనక్కి రావడమే. వందల పౌండ్ల కర్రలు ఇలా చేతులు మారుతూ, సగం విలువకు అమ్ముడుపోతూ తిరిగాయి.

సైనికులు సామంతుల మనుషులే కదా? 40 రోజుల సేవ సంగతేమిటి?

భూమి ఇచ్చినందుకు 40 రోజులు ఉచితంగా పోరాడే పద్ధతి పాఠ్యపుస్తకాల్లో ఉన్నంత బలంగా ఈ కాలంలో లేదు. నలభై రోజుల్లో కోట ముట్టడి పూర్తి కాదు, సముద్రం అసలే దాటలేం. మొదటి ఎడ్వర్డ్ కాలానికే ఎక్కువమంది జీతం మీద ఉన్నారు. 1327 తరువాత ఈ పద్ధతిలో పెద్ద పిలుపు మళ్లీ వచ్చింది ఒక్కసారే, 1385లో. అదీ పేరుకే.

కాల్బలం ఎలా దొరికేది?

1285 నాటి వించెస్టర్ శాసనం ప్రకారం 15 నుంచి 60 ఏళ్ల మధ్య ప్రతి మగవాడూ ఆస్తికి తగ్గ ఆయుధం ఇంట్లో ఉంచుకోవాలి. ఏడాదికి 15 పౌండ్ల భూమి ఉన్నవాడికి గొలుసు కవచం, ఇనుప శిరస్త్రాణం, కత్తి, బాకు, గుర్రం. 10 పౌండ్ల వాడికి గుర్రం తప్ప మిగతావి. 100 షిల్లింగుల వాడికి దూది కుట్టిన అంగీ, ఇనుప టోపీ, కత్తి, బాకు. 40 నుంచి 100 షిల్లింగుల మధ్య ఉన్నవాడికి కత్తి, విల్లంబులు, బాకు. ఏడాదికి రెండుసార్లు తనిఖీ.

యుద్ధం వచ్చినప్పుడు రాజు నియమించిన అధికారులు, సాధారణంగా ఆ కౌంటీ నైట్లే, తిరిగి మనుషులను ఎంచేవారు. 20 మందికి ఒక నాయకుడు, వంద మందికి గుర్రం మీద ఒక దళపతి. ఎంపికలో రెండు వ్యాపారాలు నడిచేవి. బలమైనవాడు డబ్బిచ్చి తప్పుకోవడం, ఊరు తనకు వద్దనుకున్నవాణ్ని తోసేయడం. చెషైర్, ఫ్లింట్‌షైర్ విలుకాళ్లకు ఆకుపచ్చ, తెలుపు రంగుల దుస్తులు ఇచ్చేవారు. యూనిఫాం అనదగ్గది అప్పట్లో దాదాపు అదొక్కటే.

బయలుదేరిన వాళ్లందరూ చేరేవారు కారు. 1300లో కార్లైల్‌కు 16,000 మందిని పిలిస్తే అత్యధికంగా హాజరైనది 9,000 దరిదాపుల్లో. తరువాత అదీ వారం వారం తరిగింది. పంట కోతల రోజులు, జీతం ఆలస్యం, స్కాట్లండ్ వాన. ఊరు దాటించే దారి ఖర్చు కౌంటీదా రాజుదా అన్న తగాదా శతాబ్దమంతా నడిచింది.

1340ల్లో మూడో ఎడ్వర్డ్ ఆస్తిని బట్టి మనుషులను పంపే బాధ్యత కూడా పెట్టాడు. 100 షిల్లింగుల భూమికి ఒక విలుకాడు, 10 పౌండ్లకు ఒక తేలిక గుర్రపురౌతు, 25 పౌండ్లకు ఒక గుర్రపు యోధుడు. గొడవ పెద్దదైంది. 1352లో పార్లమెంటు ఒప్పుకోకుండా అలా అడగనని రాజు దిగివచ్చాడు.

నేరస్థులను సైన్యంలో చేర్చుకునేవారా?

అవును, బాహాటంగానే. 1294 నుంచి ఇది అలవాటైంది. హత్య కేసులో ఉన్నవాడైనా తన ఖర్చుతో సేవ చేసి, దళనాయకుడి సాక్ష్యం తెచ్చుకుంటే క్షమాపత్రం. కలే ముట్టడి కాలంలో ఇలాంటివి వందల్లో ఇచ్చారు. తిరిగొచ్చినవాడు తన పాత ఊళ్లోనే దిగేవాడు కాబట్టి పార్లమెంటులో ఫిర్యాదులు ఆగలేదు.

ఒప్పంద పత్రం ఎలా ఉండేది?

పద్నాలుగో శతాబ్దం గడిచేకొద్దీ కౌంటీల నుంచి ఎంచడం తగ్గి, నాయకులతో ఒప్పందాలు పెరిగాయి. ఒకే తోలు మీద రెండు ప్రతులు రాసి, మధ్యలో పళ్లు పళ్లుగా కోసేవారు. లెక్కకర్ర తర్కమే ఇక్కడా: రెండు అంచులూ అతకాలి.

ఐదో హెన్రీ 1415 ఏప్రిల్ 29న చాలామంది నాయకులతో ఇలా కుదుర్చుకున్నాడు. కాలం ఏడాది. ఎంతమంది గుర్రపు యోధులు, ఎంతమంది విలుకాళ్లు అన్నది అంకెలతో. రోజు జీతాలతోపాటు ప్రతి 30 మంది గుర్రపు యోధులకు మూడు నెలలకు 100 మార్కుల బహుమానం. పంచి చూస్తే తలకు రోజుకు 6 పెన్నీల దాకా అదనం. మొదటి మూడు నెలల జీతంలో సగం సంతకం నాడు, సగం హాజరు తీసుకున్న నాడు. రెండో మూడు నెలలకు డబ్బు లేదు కనుక రాజు నగలు తాకట్టుగా ఇచ్చాడు. బంగారు పాత్రలు, రత్నాలు పొదిగిన పూజా వస్తువులు నాయకుల ఇళ్లకు వెళ్లాయి. దండయాత్ర నవంబరులోనే ముగిసింది, జీతం ఎన్ని రోజులకు లెక్కకట్టాలన్నది మాత్రం తేలలేదు. ఆ నగల్లో కొన్ని కొడుకు ఆరో హెన్రీ కాలంలో గాని వెనక్కి రాలేదు.

దోపిడీ సొమ్ములో సైనికుడు మూడో వంతు నాయకుడికి, నాయకుడు తనకు వచ్చినదాంట్లో మూడో వంతు రాజుకు. బందీల విడుదల సొమ్ముకూ ఇదే సూత్రం.

గుర్రం చనిపోతే నష్టం ఎవరిది?

చాలాకాలం రాజుది. దండయాత్ర మొదట్లో గుమాస్తాలు ప్రతి యుద్ధాశ్వానికీ రంగు, మచ్చలు, ధర రాసుకుని గుర్తు వేసేవారు. చనిపోతే ఆ ధర చెల్లింపు. గుర్రాన్ని నమోదు చేయించే దాకా జీతం మొదలయ్యేది కాదు, అందుకే ఆ జాబితాలు మనకు అంత వివరంగా మిగిలాయి. యోధులు దిగి నేలమీద పోరాడటం అలవాటయ్యాక, 1370ల నాటికి ఈ పరిహారం మాయమై, దాని స్థానంలో పైన చెప్పిన బహుమానం నిలబడింది.

తిండి ఎలా సమకూర్చేవారు?

లెవీ ధాన్యం మాట విన్నవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. షెరీఫ్, లేదా రాజు పంపిన సేకరణ అధికారి, ఊళ్లమీద పడి గోధుమ, ఓట్స్, బీరు కోసం మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, బఠాణీ, చిక్కుడు గింజలు, ఉప్పు పట్టించిన పంది మాంసం, జున్ను కొనేవాడు. కొనడం అంటే ధర తాను చెప్పడం, డబ్బు తరువాత ఇస్తాననడం, చేతిలో కర్ర పెట్టడం.

పని మెట్లు ఇవి. ఊరూరా సరుకు పోగుచేసి బండ్ల మీద నది ఒడ్డుకు చేర్చాలి. రెండు గుర్రాల బండికి రోజుకు 10 పెన్నీలు, మూడు గుర్రాల బండికి 14 పెన్నీలు అని మాగ్నా కార్టా 1225 ప్రతిలోనే ఉంది. నది మీద పడవల్లో రేవుకు: లింకన్‌షైర్ సరుకైతే బోస్టన్, యార్క్‌షైర్ సరుకైతే హల్. అక్కడ కొట్టాలు అద్దెకు తీసుకోవాలి, గోధుమ పిండి ఆడించి, పొట్టు తీసి, పీపాల్లో గట్టిగా దట్టించాలి. ధాన్యం క్వార్టర్లలో కొలుస్తారు. క్వార్టర్ అంటే 8 బుషెల్‌లు, గోధుమలైతే రెండు క్వింటాళ్లకు కాస్త పైన.

చెడిపోయేది ఎక్కడంటే మధ్యలో. ఓడ రాదు, పీపాలు నెలల తరబడి తేమ కొట్టంలో ఉంటాయి, పిండి గడ్డకడుతుంది, ఎలుకలు పడతాయి. సరిగా ఆరని గింజ ఓడ అడుగున వేడెక్కుతుంది. ఖర్చు జాబితాల్లో పిండి ధరకు తోడు పీపా, కూలి, బండి, కొట్టం అద్దె కూడా మెడమీద కూర్చుంటాయి.

ఇంకొకటి చాలామందికి తెలియదు. ఈ తిండి సైనికుడికి ఉచితం కాదు. వాడికి అమ్మేవారు, లేదా జీతంలో కోసేవారు. అందుకే ప్రైవేటు వర్తకులను కూడా వెంట రమ్మని పిలిచేవారు. 1346–47లో కలే ముందు ఏడాది పొడవునా నిలిచిన శిబిరంలో వారానికి రెండు సంతలు సాగాయని ఆ కాలపు చరిత్రకారుడు రాశాడు.

ఈ సేకరణ మీద ఫిర్యాదులు ఏమిటి?

ధర తక్కువ, చెల్లింపు ఆలస్యం లేదా అసలే లేదు, సొంతానికి కాజేయడం, లంచమిస్తే పక్క ఇంటికి పోవడం. కొలతలో మోసం మరొకటి. బుషెల్ మీద గుట్టగా పోయించుకుని తీసుకుని, రాజు లెక్కలో అంచు దాకా చదును చేసిన కొలతగా చూపేవారు. చదును చేసే కొలవాలని శాసనాల్లో పదేపదే రాయాల్సి వచ్చిందంటే సంగతి తెలుస్తూనే ఉంది. 1362లో పార్లమెంటు ఈ హక్కును రాజు, రాణి ఇళ్లకే పరిమితం చేసి, ఆ ఉద్యోగి పేరునే ‘కొనుగోలుదారు’ అని మార్చింది. పాత పేరంటే జనం అంత మండిపడేవారు.

విల్లులు, బాణాలు ఎన్ని కావాలి?

తెల్ల విల్లు ధర ఒక షిల్లింగ్, రంగు వేసినది 18 పెన్నీలు. బాణాలు కట్టల్లో లెక్క, కట్టకు 24. నిమిషానికి 8 వేసినా కట్ట మూడు నిమిషాల్లో అయిపోతుంది. 5,000 మందికి తలా రెండు కట్టలంటే 2,40,000 బాణాలు. బాణానికి మూడు ఈకలు, మొత్తం 7,20,000. బాతుకు ఆరు ఈకలు పీకితే 1,20,000 బాతులు కావాలి.

ఇది వట్టి అంకెల ఆట కాదు. 1417 ఫిబ్రవరిలో ఐదో హెన్రీ సరిగ్గా ఇదే అడిగాడు: పొదిగే బాతులను వదిలి, ప్రతి బాతు రెక్కల నుంచి ఆరేసి ఈకలు. 1418లో అడిగిన సంఖ్య 11,90,000. బాణపు కర్రకు ఆస్పెన్ చెట్టు కావాలని 1416లో చెక్క పాదరక్షలు చేసేవాళ్లు దాన్ని వాడకూడదని చట్టమే చేశారు. ఒక్క సరుకు తక్కువైతే మిగతావన్నీ ఆగిపోతాయని గుమాస్తాలకు బాగా తెలుసు.

క్రాస్‌బో బాణాలు సెయింట్ బ్రయావెల్స్ కోటలో, డీన్ అడవి ఇనుముతో తయారయ్యేవి. గుర్రపు నాడాలకు, మేకులకు కూడా ఆ ప్రాంతమే పేరు. ఇక మనిషికి అలవాటు ఉండాలి కదా. 1363లో పండుగ రోజుల్లో ఫుట్‌బాల్ లాంటి ఆటలు మాని విలువిద్య సాధన చేయాలని రాజు ఆజ్ఞ.

ఫిరంగులు ఉండేవా?

క్రెసీ నాటికి మొదలయ్యాయి. 1345 చివర టవర్‌లో రాబర్ట్ మిల్డెన్‌హాల్ పర్యవేక్షణలో చక్రాల మీద చిన్న తుపాకీ గొట్టాలు 100 చేయమన్నారు. 1346లో 912 పౌన్ల సురేకారం, 886 పౌన్ల గంధకం కొన్నారు. కోట గోడలకు మాత్రం చాలాకాలం పెద్ద రాళ్లు విసిరే యంత్రాలే దిక్కు. 1304లో స్టర్లింగ్ ముట్టడికి బరువు కట్టడానికి సీసం చాలక స్కాట్లండ్ చర్చిల కప్పుల సీసం ఒలిచారు. బలిపీఠం పైభాగం మాత్రం వదలమన్నారు.

రాజుకు నౌకాదళం ఉండేదా?

సొంత ఓడలు కొన్నే. మిగతావి వర్తకులవి. అడ్మిరల్‌ల మనుషులు రేవు రేవుకూ వెళ్లి ఓడ పేరు, యజమాని, ఎన్ని పీపాల మద్యం పడుతుందో రాసుకుని, ఫలానా తేదీకి రావాలని పూచీ తీసుకునేవారు. దీన్ని ఓడల జప్తు అనేవారు. థేమ్స్ ముఖద్వారానికి ఉత్తరం ఒక అడ్మిరల్, పడమర ఒక అడ్మిరల్. సరంగుకు రోజుకు 6 పెన్నీలు, నావికుడికి 3. ఓడకు అద్దె మాత్రం చాలాకాలం లేదు. 1380 ప్రాంతంలో గాని మూడు నెలలకు టన్నుకు 3 షిల్లింగుల 4 పెన్నీలు ఒప్పుకోలేదు.

ఆగ్నేయ తీరంలోని హేస్టింగ్స్, రామ్నీ, హైత్, డోవర్, శాండ్‌విచ్ రేవులకు వేరే ఏర్పాటు. పన్ను రాయితీలకు బదులుగా 57 ఓడలు, ఒక్కోదానిలో 21 మంది, ఒక కుర్రాడు, ఏడాదికి 15 రోజులు ఉచితం. పదహారో రోజు నుంచి రాజు జీతం.

జప్తయిన ఓడ వారాల తరబడి ఊరికే నిలబడుతుంది, వ్యాపారం పోతుంది. రాత్రికి రాత్రి జారుకునేవాళ్లు ఎప్పుడూ ఉండేవారు. రేవుల మధ్య పాత కక్షలు మరో తలనొప్పి. 1297లో ఫ్లాండర్స్‌లో దిగుతూనే ఈ ఐదు రేవుల నావికులు మరో ఇంగ్లీషు రేవు యార్మత్ వాళ్ల మీద పడి, రాజు కళ్లెదుటే వాళ్ల ఓడలు తగలబెట్టారు.

గుర్రాలను ఓడల్లో ఎలా ఎక్కించేవారు?

తడికలతో. షెరీఫ్‌లకు వెళ్లే ఆజ్ఞల్లో తడికలు, దిగుడు బల్లలు, మేకులు, కట్టుతాళ్లు తప్పకుండా ఉంటాయి. ఓడ లోపల తడికలు నిలిపి గుర్రానికి గుర్రానికి మధ్య అడ్డుకట్టేవారు, తొక్కుకోకుండా. మద్యం పీపాలు మోసే ఓడను ఇలా కొట్టంగా మార్చాలి. గాలి అనుకూలించక రేవులోనే ఆగితే ముందు అయిపోయేది గుర్రాల మంచినీళ్లు, మేత.

ముందుగా తయారుచేసి తీసుకెళ్లినవి ఇంకేమైనా ఉన్నాయా?

1303లో మొదటి ఎడ్వర్డ్ స్కాట్లండ్‌లోని ఫోర్త్ నది దాటడానికి మూడు వంతెనలను లిన్ రేవులో విడిభాగాలుగా చేయించి ఓడల మీద పంపాడు. 1277లో వేల్స్ మీదికి వెళ్లినప్పుడు సైన్యం ముందు అడవి నరికే కూలీలు నడిచారు. సముద్రం మీదుగా ఆంగిల్సీ దీవికి 360 మంది కోతగాళ్లను పంపారు. వేల్స్ రాకుమారుడి పంట కోసి తామే తిన్నారు, పర్వతాల్లో ఉన్న శత్రువుకు శీతాకాలపు తిండి లేకుండా పోయింది. ఆ ఏడాది లొంగుబాటుకు కత్తికన్నా కొడవలే ఎక్కువ పనిచేసింది అంటే అతిశయోక్తి కాదు.

అనుకున్న తేదీకి బయలుదేరేవారా?

దాదాపు ఎప్పుడూ లేదు. 1346లో వసంతం మొదట్లోనే పోర్ట్స్‌మత్‌లో కలవాలన్నారు. తుఫాన్లు, ఓడల ఆలస్యం, మళ్లీ కొత్త తేదీ. నార్మండీలోని సెంట్ వాస్త్ దగ్గర దిగింది జూలై 12న. ఒక్కో వాయిదాకూ వచ్చినవాళ్ల జీతం పెరుగుతుంది, తెచ్చిన తిండి తరుగుతుంది, రానివాళ్లకు సాకు దొరుకుతుంది.

ఆలస్యానికి ఫలితం ఒక్కోసారి విచిత్రంగా ఉండేది. 1298లో స్కాట్లండ్‌లో జరిగిన ఫాల్కిర్క్ యుద్ధానికి ముందు 25,000కు పైగా కాల్బలం, అందులో 10,000 మంది దాకా వేల్స్ వాళ్లు, ఆకలితో ఎదురుచూస్తున్నారు. ఎదురుగాలికి ధాన్యపు ఓడలు రాలేదు, మద్యం ఓడలు వచ్చాయి. ఖాళీ కడుపున తాగి, వేల్స్ వాళ్లు ఇంగ్లీషు వాళ్లతో కలబడ్డారు. మతగురువులతో సహా చాలామంది చచ్చారు. 1301లో బెర్విక్ కోట దళం జీతం అందక తిరగబడింది.

రాజు వెళ్లిపోతే దేశంలో ఎవరు కాపలా?

తీర కౌంటీల మగవాళ్లు. కొండల మీద మంటలు సిద్ధంగా ఉంచి, రాత్రిపగలు కాపు కాసేవారు. ఆ కౌంటీల నుంచి మనుషులను తక్కువగా అడిగేవారు. ఏర్పాటు ఉన్నంత మాత్రాన పనిచేస్తుందని లేదు. 1338 అక్టోబరు మొదట్లో ఫ్రెంచి ఓడలు సౌతాంప్టన్ మీద పడి ఊరు దోచి, కాల్చి, ఉన్ని, మద్యం పట్టుకుపోయాయి.

యుద్ధం ముగిశాక లెక్కలు తేలేవా?

తేలడానికి ఏళ్లు పట్టేది. ప్రతి నాయకుడూ తన హాజరు పట్టీ, ఎవరు ఏ రోజు చేరారు, ఎవరు చనిపోయారు, ఎవరు జబ్బుపడి ఇంటికి వెళ్లారు అన్నది ఎక్స్‌చెకర్‌లో చూపాలి. గుమాస్తాలు దాన్ని ముందస్తు చెల్లింపులతో సరిచూసి, చనిపోయిన రోజు తరువాతి జీతం కోసేవారు. 1338–40 మధ్య వార్డ్‌రోబ్ ఖర్చు 3,30,000 పౌండ్లు దాటింది. అందులో పెద్ద భాగం మిత్రరాజులకు వాగ్దానం చేసినది, ఒక్క బ్రబాంట్ డ్యూక్‌కే 60,000. మొదటి ఎడ్వర్డ్ 1307లో చనిపోయినప్పుడు బాకీ సుమారు 2,00,000 పౌండ్లు. ఆయన వార్డ్‌రోబ్ చివరి పద్దులు కొడుకు ఏలుబడి చాలావరకు గడిచాక కూడా పూర్తిగా మూతపడలేదు.